రెండు నూళ్ళ సందు

పదహారేళ్ళుగా నా ఉద్యోగం తలుపు పక్కనే.
సిటీ బస్సు తలుపు, ఎప్పుడూ మూసుకోనిది.
దాని గురించి నాకు తెలిసిందల్లా
రైటంటే కదులుతుంది, హోల్డానంటే ఆగుతుంది.

ఇంటికి తలుపు కొందామని చిట్టినగర్ వెళ్ళి
ఎంత? అన్నాను, టమాటాల్ని అడిగినట్టు.
నాగలింగాచారి చిత్రిక ఆపలేదు.
"దేనికమ్మా ఎంత? రెక్కకా, బంధానికా?
మనిషిని చూపించి కిలో ఎంతంటే ఏం చెప్తాం?"

రంపపు పొట్టు దులిపి స్టూలు వేశాడు.
టిక్కెట్ల మెషీన్ కాగితం జానెడు చింపి
నేను రాసుకోవడం మొదలుపెట్టాను.

ముందు గడప.
నిలువులు రెండూ కాళ్ళు ఎడం చేసుకోకుండా
కింద పట్టుకునేది అది.
మా ఇంట్లో గడపకి పసుపు రాయమండీ, అన్నాను.
"రాయకపోయినా పట్టుకుంటుందిలే."

నిలువుల మీద పైకమ్మీ.
కుసి బెజ్జంలో దిగిన చోట
మేకు కనబడితే లేచి వచ్చెయ్యమన్నాడు.
"కుసి కుదరనివాడే మేకు కొడతాడు,
మాట కుదరనివాడు కేకేసినట్టు."

రెక్కలో పలకల్ని జిగురు పెట్టి అతికించరట.
గాడిలో ఊరికే కూర్చోబెడతారు.
కర్ర చచ్చినా ఊపిరి మానదు,
ముసురుకి ఉబ్బుతుంది, రోహిణి కార్తెకి ఒదుగుతుంది,
మెసలడానికి కాస్త చోటు దానికీ కావాలి.

బందులు మూడు.
రెండు చాలంటాడు కొట్టువాడు, వినొద్దు.
పైది మోస్తుంది, కిందది తోస్తుంది,
నడిమిది వాళ్ళిద్దరి తగువు తీరుస్తుంది.

రెక్కకీ బంధానికీ మధ్య, చుట్టూతా,
రెండు నూళ్ళ సందు.
నూలంటే?
"అంగుళంలో ఎనిమిదో వంతు. బళ్ళో చెప్పర్లే."

"ఇంతకీ పాతదేమైంది?"

బుడమేరు వచ్చిన ఆదివారం.
డాబా కొట్లు సెంటర్ వెనక మా వీధి.
నున్నగా మెరిసే ఫ్లష్ డోరు మాది,
పన్నెండొందలు తగ్గించాడని మురిసి కొన్నది.
నీళ్ళు తాగి తాగి బంధంలో బిగుసుకుంది.
గడియ నీళ్ళ కింద ఎక్కడో.
లోపల మంచం మీద సువార్త,
బయట ఖాకీ చొక్కాతో నేను, భుజంతో గుద్దుతూ.
పక్కింటి మీరావలి ఆక్సా బ్లేడుతో
కిటికీ ఊచలు కోశాడు. రెండే ఊచలు.
నలభై నిమిషాలు.
నీళ్ళు తీశాక చూస్తే
తడిసిన పుస్తకంలా పొరలు పొరలుగా విచ్చుకుంది.
లోపలంతా పేడు, అట్టముక్క.
ఇన్నాళ్ళూ మేం మూసి పడుకున్నది
తలుపు వేషం.

ఇంత చెప్పలేదు ఆయనకి.
ఉబ్బిపోయిందండీ, లోపల మా పాపుంది, అన్నాను.
చిత్రిక ఆగింది.

"నీళ్ళెంత దాకా వచ్చాయి?"
మెడ కింద ఎముక మీద చెయ్యి పెట్టి చూపించాను.
గోడకానించిన రెక్క పక్కన నన్ను నిలబెట్టి
చెవి మీది పెన్సిలు తీసి ఒక గీత గీశాడు.
దానికి జానెడు పైన ఇంకొకటి.
"గడియ ఇక్కడ పెడదాం.
అందంగా ఉండదు. చూసినవాళ్ళు నవ్వుతారు."
నవ్వనీండి.
"పాపకి అందుతుందా?"
పదమూడేళ్ళు, అందుకుంటుంది. ఎడం చేత్తో.
"పుర్రచెయ్యా! ఆ మాట ముందు చెప్పొద్దూ,"
అని విసుక్కుంటూ
బందుల గుర్తులు చెరిపి
అవతలి పక్కన గీశాడు.

ధర ఆఖర్న చెప్పాడు.
టేకయితే నా జీతం నాలుగు నెలలు.
వేపకి అడ్వాన్సు ఇచ్చి వచ్చాను.

మర్నాడు మొదటి ట్రిప్పు, బస్టాండులో బండి ఖాళీ.
ఫుట్‌బోర్డు దగ్గర వంగి చూశాను,
పదహారేళ్ళలో మొదటిసారి.

బందులు రెండే.